మెచ్చుకోలు మధ్య మొదలయ్యే జబ్బు



పిల్లల జబ్బుల్లో చాలావాటిని మనం మొదట్లోనే పట్టుకుంటాం. జ్వరం వస్తే ఒళ్ళు కాలుతుంది, దగ్గు వస్తే ఇల్లంతా వినపడుతుంది. ఒక జబ్బు మాత్రం మంచి అలవాటు వేషంలో ఇంట్లోకి వస్తుంది. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఉన్నట్టుండి స్వీట్లు మానేస్తుంది. తర్వాత నూనె వస్తువులు మానేస్తుంది. రాత్రి అన్నం బదులు రెండు పుల్కాలు, కొన్నాళ్ళకు ఒక్కటే. పొద్దున్నే లేచి మేడ మీద వాకింగ్. ఇంట్లో అందరూ సంతోషిస్తారు. "అక్కను చూసి నేర్చుకో" అని తమ్ముడికి చెబుతారు. పెళ్ళిలో కనిపించిన పిన్ని "భలే సన్నబడ్డావే!" అంటుంది. కొన్ని నెలలు గడిచేసరికి ఆ అమ్మాయికి నెలసరి ఆగిపోతుంది, జుట్టు రాలుతుంది, మెట్లెక్కితే కళ్ళు తిరుగుతాయి, కంచం ముందు కూర్చుంటే ఏడుపు వస్తుంది. అప్పుడు గానీ ఇంట్లోవాళ్ళకు అనుమానం రాదు.

తిండి తగ్గించిన ప్రతి పిల్లా జబ్బు పడుతుందని కాదు. కానీ డాక్టర్లు ఈటింగ్ డిజార్డర్ అని పిలిచే ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో చాలామందికి తొలి నెలలు ఇలాగే, చుట్టూ ఉన్నవాళ్ళ మెచ్చుకోళ్ళ మధ్య గడుస్తాయి. అందుకే గుర్తించడం ఆలస్యమవుతుంది. ఆలస్యమయ్యే కొద్దీ నయం కావడం కష్టమవుతుంది. మానసిక జబ్బుల్లో ప్రాణాపాయం బాగా ఎక్కువగా ఉన్నవాటిలో ఇదొకటి. ఎక్కువగా మొదలయ్యేది టీనేజ్‌లో, అంటే మీ పిల్లలు మా హైస్కూలు తరగతుల్లో, జూనియర్ కాలేజీలో ఉండే వయసులోనే. ఇది ఎందుకు వస్తుందో, మన ఇళ్ళలో, బంధువుల్లో, బడుల్లో దానికి ఊతమిచ్చేవి ఏమిటో ఈ నెల వివరంగా చూద్దాం.

ముందుగా, జబ్బు పేర్లు

అనొరెక్సియా: బరువు పెరుగుతానేమోనన్న విపరీతమైన భయంతో తిండి బాగా తగ్గించేయడం. ఎముకలు కనిపిస్తున్నా అద్దంలో తాను లావుగానే ఉన్నానని అనిపించడం. 1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో చార్లెస్ లాసెగ్ అనే వైద్యులు దాదాపు ఒకే సమయంలో దీన్ని వర్ణించారు. సినిమాలు, ఫోన్లు లేని రోజుల్లోనే ఈ జబ్బు ఉందన్నమాట.

బులీమియా: కొద్దిసేపట్లో అదుపు లేకుండా చాలా తినేయడం, ఆ తర్వాత భయంతో, సిగ్గుతో తిన్నదాన్ని ఒంట్లో నిలవకుండా చేసుకోవాలని చూడటం. లండన్ వైద్యుడు జెరాల్డ్ రస్సెల్ 1979లో దీన్ని ప్రత్యేకంగా గుర్తించి పేరు పెట్టారు. ఈ జబ్బు ఉన్న పిల్లల బరువు మామూలుగానే ఉండవచ్చు కాబట్టి, ఏళ్ళ తరబడి ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు.

బింజ్ ఈటింగ్: అలాగే అదుపు తప్పి తినడం, తర్వాత తన మీద తనకే అసహ్యం కలగడం. ఎవరూ చూడకుండా తినడం ఇందులో ఎక్కువ. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీన్ని విడి జబ్బుగా తన జాబితాలో చేర్చింది.

ఆర్ఫిడ్: ఇది కూడా 2013లోనే ఆ జాబితాలోకి వచ్చింది. ఇందులో బరువు భయం ఉండదు. తిండి వాసన, మెత్తదనం పడకపోవడం, గొంతుకు అడ్డం పడుతుందన్న భయం లాంటి కారణాలతో, ఎదుగుదల దెబ్బతినేంతగా తిండి తగ్గిపోతుంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. మనిషిని చూసి ఈ జబ్బు ఉందో లేదో చెప్పలేం. ముందు బాగా లావుగా ఉండి, త్వరత్వరగా బరువు తగ్గి ఇప్పుడు "సరిగ్గా" కనిపిస్తున్న పిల్లల గుండె కూడా ప్రమాదంలో ఉండవచ్చు.

"మొండితనం" అనుకునేది ఆకలి చేసే పని

"తినడానికేం కష్టం? ఒట్టి మొండితనం." తల్లిదండ్రుల నోట ఎక్కువగా వినిపించే మాట ఇది. దీనికి జవాబు ఎనభై ఏళ్ళ క్రితం జరిగిన ఒక ప్రయోగంలో దొరుకుతుంది. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులకు దాదాపు ఆరు నెలల పాటు, అంతకుముందు తినేదాంట్లో సుమారు సగం తిండి మాత్రమే ఇచ్చారు. యుద్ధంలో ఆయుధం పట్టమని చెప్పి, దానికి బదులు ఈ సేవకు ఇష్టపడి వచ్చినవాళ్ళు వాళ్ళు. శరీరం, మనసు రెండూ ఆరోగ్యంగా ఉన్నాయని పరీక్షించాకే తీసుకున్నారు. సన్నబడాలని వాళ్ళలో ఎవరికీ లేదు.

నెలలు గడిచే కొద్దీ ఆ ఆరోగ్యవంతులు మారిపోయారు. రోజంతా తిండి గురించే ఆలోచన. వంటల పుస్తకాలు సేకరించి చదవడం మొదలుపెట్టారు. కంచంలో ఉన్న కాస్తంత ముద్దను చాలాసేపు నంజుకుంటూ తిన్నారు. చిన్నదానికి కోపం, ఏడుపు, స్నేహితులకు దూరంగా ఒంటరిగా కూర్చోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం. కొందరు అదుపు తప్పి తినేసి కుమిలిపోయారు. మళ్ళీ తిండి పెట్టడం మొదలుపెట్టాక కూడా మామూలు మనుషులు కావడానికి నెలలు పట్టింది.

ఈటింగ్ డిజార్డర్ ఉన్న పిల్లల్లో మనం చూసేది సరిగ్గా ఇదే. తాను తినకపోయినా వంట వీడియోలు చూడటం, ఇంటిల్లిపాదికీ కేకులు చేసి పెట్టడం, ఇడ్లీని చిన్న చిన్న ముక్కలు చేసి గంటసేపు కూర్చోవడం. ఆ ప్రవర్తనలో పెద్ద భాగం పిల్ల స్వభావం నుంచి వచ్చింది కాదు, ఆకలితో ఉన్న మెదడు నుంచి వచ్చింది. అందుకే వాదించి, నచ్చజెప్పి దీన్ని మార్చడం కష్టం. ముందు ఒంటికి తిండి అందాలి. ఆ తర్వాతే మాటలు చెవికి ఎక్కుతాయి.

ఎవరికి త్వరగా అంటుకుంటుంది?

కారణం ఒక్కటి కాదు. కవల పిల్లల మీద జరిగిన పరిశోధనలు ఈ జబ్బుల్లో వంశపారంపర్యానికి పెద్ద పాత్ర ఉందని తేల్చాయి. స్వభావానికీ భాగం ఉంది. ముఖ్యంగా అనొరెక్సియా ఆందోళన ఎక్కువగా ఉండే పిల్లల్లో, ప్రతిదీ తప్పు లేకుండా జరగాలనుకునే పిల్లల్లో ఎక్కువ. ఒక్క కొట్టివేత ఉందని నోట్సు మొత్తం తిరగరాసే పిల్ల, తొంభై ఎనిమిది వచ్చినా పోయిన రెండు మార్కుల కోసం ఏడ్చే పిల్లవాడు. టీచర్లూ మీరూ గర్వపడే పిల్లలే వీళ్ళు. చదువులో చూపించే ఆ పట్టుదలను తిండి మీదకు తిప్పితే, అందులోనూ "ఫస్ట్" రావాలని చూస్తారు.

వయసు కూడా ఒక కారణం. పన్నెండు, పదమూడేళ్ళకు ఆడపిల్ల ఒంట్లో కొవ్వు పెరగడం ప్రకృతి నియమం. తుంటి వెడల్పు కావడం, నెలసరి రావడం అన్నీ దానితో ముడిపడినవే. సరిగ్గా ఆ మార్పును చూసి "ఏంటి, లావవుతోంది?" అని కంగారుపడటం మొదలవుతుంది.

వీటన్నిటినీ ఎండుగడ్డి అనుకుంటే, నిప్పురవ్వ చాలాసార్లు డైటింగే. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 14, 15 ఏళ్ళ విద్యార్థులను మూడేళ్ళ పాటు గమనించి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, డైటింగ్ చేయని అమ్మాయిలతో పోలిస్తే కఠినంగా చేసేవాళ్ళకు ఈటింగ్ డిజార్డర్ వచ్చే అవకాశం 18 రెట్లు, ఓ మోస్తరుగా చేసేవాళ్ళకు 5 రెట్లు ఎక్కువగా కనిపించింది.

"సరదాకి అన్నాం" అనే మాటలు

మన ఇళ్ళలో ఒంటి గురించి మాట్లాడటం పలకరింపులో భాగం. ఏడాది తర్వాత కనిపించిన చుట్టం "బాగున్నావా?" కన్నా ముందు "ఒళ్ళు చేశావే" అనో "చిక్కిపోయావేంటి" అనో అంటారు. బొండాం, డబ్బా, డ్రమ్ము, అగ్గిపుల్ల, బక్కోడు అని ముద్దుపేర్లు పెడతాం. పెద్దవాళ్ళకు అందులో ప్రేమే ఉంటుంది. కానీ పదమూడేళ్ళ పిల్లకు అది తన ఒంటి మీద పదిమందిలో చెప్పిన తీర్పు. ఆ రాత్రి అద్దం ముందు ఆ మాటే వినిపిస్తుంది.

ఓణీల ఫంక్షన్ల సంగతి చూడండి. ఒళ్ళు సహజంగా నిండుతున్న వయసులోనే ఆ వేడుక జరుగుతుంది. ఇప్పుడు దానికి ముందు ఫొటోషూట్, టీజర్ వీడియో, స్టేజి మీద ఎల్ఈడీ తెర, మూడు నాలుగు డ్రెస్సులు. "ఫంక్షన్ నాటికి కాస్త తగ్గితే లంగాఓణీ బాగా నప్పుతుంది" అన్న ఒక్క మాటతో మొదటి డైట్ ఇంట్లోనే మొదలవుతుంది. దానికి తోడు "ఇలా ఉంటే రేపు సంబంధాలు ఎలా వస్తాయి?" అన్న పాత పాట. అబ్బాయిలకు ఉద్యోగం, అమ్మాయిలకు రూపం అని మన పెళ్ళి చూపుల లెక్క ఇంకా పూర్తిగా పోలేదు. ఆ లెక్క పిల్లలకు మనం అనుకున్నదానికన్నా ముందే అర్థమవుతుంది.

అమ్మలూ నాన్నలూ తమ ఒంటి గురించి మాట్లాడే తీరు కూడా పిల్లలు వింటారు. "ఈ చీరలో ఏనుగులా ఉన్నాను", "ఇవాళ రెండు గారెలు తిన్నాను, రేపంతా ఉపవాసమే" అనే మాటలు మనకు ఊరికే అనేవి. పిల్లలకు అవి పాఠాలు.

తెర మీద కనిపించేది

పసిఫిక్ సముద్రంలోని ఫిజీ దీవుల్లో జరిగిన సంగతి ఇది. అక్కడి స్థానిక ఫిజియన్ల సంప్రదాయంలో నిండైన ఒళ్ళు అందానికీ ఆరోగ్యానికీ గుర్తు. నడ్రోగా అనే ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. ఆన్ బెకర్ అనే అమెరికన్ వైద్యురాలు టీవీ వచ్చిన కొత్తలో ఒకసారి, మూడేళ్ళ తర్వాత 1998లో ఒకసారి అక్కడి బడుల్లో చదివే అమ్మాయిలను ప్రశ్నించారు. బరువు తగ్గడం కోసం వాంతి చేసుకునేవాళ్ళు మొదటిసారి ఒక్కరూ లేరు. మూడేళ్ళ తర్వాత నూటికి 11 మంది అలా చేస్తున్నామన్నారు. తాము లావుగా ఉన్నామని అనుకున్నవాళ్ళు నూటికి 74 మంది. సీరియళ్ళలో సన్నగా ఉన్నవాళ్ళే మంచి ఉద్యోగాలతో, డబ్బుతో కనిపిస్తే, తామూ అలా ఉండాలని ఆ పిల్లలు అనుకున్నారు.

అది ఇంటికో టీవీ కూడా లేని రోజుల్లో. ఇప్పుడు పిల్లల చేతిలో ఉన్న తెర వాళ్ళు ఏది ఎక్కువసేపు చూస్తే దాన్నే మళ్ళీ మళ్ళీ చూపిస్తుంది. ఒక డైట్ రీల్ చివరిదాకా చూస్తే పది వస్తాయి. ఫిల్టర్ పెట్టి నడుము సన్నం చేసిన ఫొటోతో తన అసలు ముఖాన్ని పోల్చుకుంటారు. ఇన్‌స్టాగ్రామ్ మాతృసంస్థ లోపల చేసుకున్న పరిశోధన పత్రాలు 2021లో బయటికి వచ్చాయి. తమ ఒంటి గురించి బాధలో ఉన్న టీనేజ్ అమ్మాయిల్లో నూటికి 32 మంది, ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను ఇంకా పెంచిందని చెప్పినట్టు అందులో ఉంది.

ఫోన్ ఒక్కటే జబ్బు తెచ్చిందనలేం. 1873 నాటి సంగతి పైన చూశాం. కానీ ఎండుగడ్డి మీద రోజూ గాలి విసిరేది అదే.

అబ్బాయిలకు రాదనుకోకండి

అబ్బాయిల్లో ఈ జబ్బు తక్కువే గానీ, గుర్తించడం ఇంకా ఆలస్యం. ఎందుకంటే వాళ్ళలో చాలామందికి సన్నబడాలని ఉండదు, కండలు కనిపించాలని ఉంటుంది. ఒకప్పుడు కాస్త బొద్దుగా ఉన్న హీరోకీ ఈలలు పడేవి. ఇప్పుడు సినిమా విడుదలకు ముందే సిక్స్ ప్యాక్ ఫొటో విడుదలవుతుంది. ఆ ఫొటో వెనుక ట్రైనరు, వంటమనిషి, లైటింగు, నెలల తరబడి అదే పనిగా ఉండే వెసులుబాటు ఉన్నాయని ఇంటర్ కుర్రాడికి ఎవరూ చెప్పరు.

అన్నం, పప్పు పూర్తిగా మానేసి పౌడర్లు, ఉడికించిన గుడ్ల తెల్లసొనలతో సరిపెట్టుకోవడం, జ్వరం ఉన్నా జిమ్ మానకపోవడం, ఇంట్లో శుభకార్యానికి రమ్మంటే అక్కడి భోజనం తినాల్సి వస్తుందని రాకపోవడం, ఎంత కండ పెరిగినా "ఇంకా బక్కగానే ఉన్నా" అనడం. ఇవి కనిపిస్తే క్రమశిక్షణ అని మురిసిపోకుండా కూర్చోబెట్టి మాట్లాడండి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన పౌడర్లు, మాత్రలు, ఇంజెక్షన్ల విషయంలో డాక్టర్‌ను తప్పక అడగండి.

చదువు, ర్యాంకు, హాస్టల్

ఈ భాగం మా వంటి విద్యాసంస్థలకు కూడా వర్తిస్తుంది. పొద్దున్నే స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, వారం వారం పరీక్ష, నోటీసు బోర్డు మీద ర్యాంకు. ఈ ఏర్పాటులో చాలామంది పిల్లలు నెగ్గుకొస్తారు. కానీ కొందరికి రోజులో తమ చేతిలో ఉన్నది ఏదీ లేదనిపిస్తుంది. ఎప్పుడు లేవాలో, ఏం చదవాలో, ఏ సెక్షన్‌లో కూర్చోవాలో అంతా వేరేవాళ్ళు నిర్ణయిస్తారు. ర్యాంకు ఎంత కష్టపడినా చెప్పినట్టు వినదు. బరువు మాత్రం వింటుంది. ఈ వారం అర కిలో తగ్గాలనుకుంటే తగ్గుతుంది. ఆ "గెలుపు" రుచి చూశాక వదులుకోవడం కష్టం. ఇంకొందరు దిగులును తిండితో కప్పుకుంటారు. లైట్లు ఆర్పాక బిస్కెట్ ప్యాకెట్లన్నీ ఖాళీ అవుతాయి.

హాస్టల్‌లో ఉన్న పిల్లలు భోజనం మానేస్తున్నారో లేదో ఇంట్లోవాళ్ళకు తెలిసే వీలు తక్కువ. "మెస్‌లో తిండి బాగోలేదు" అన్న మాట నిజమే కావచ్చు, కొన్నిసార్లు సాకూ కావచ్చు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, ఔటింగ్ రోజు, పిల్లల ముఖంతో పాటు వాళ్ళు తినే తీరు కూడా చూడండి. అనుమానం ఉంటే వార్డెన్‌ను, క్లాస్ టీచర్‌ను, క్యాంపస్ కౌన్సెలర్‌ను సూటిగా అడగండి: "మా అమ్మాయి మూడు పూటలా మెస్‌కి వస్తోందా?" అలా అడగడం ఫిర్యాదు కాదు. హెల్త్ చెకప్ రోజు పిల్లల బరువు పైకి చదవవద్దనీ, ఆటల పీరియడ్‌లో ఒంటి మీద జోకులు వేయవద్దనీ మా సిబ్బందిని కూడా కోరుతున్నాం. అలా జరిగినట్టు మీ పిల్లలు చెబితే మాకు తెలియజేయండి.

కడుపునొప్పి రూపంలో వస్తే

పుస్తకాల్లో రాసినట్టు "నేను లావైపోతాను" అని పిల్లలు ఎప్పుడూ చెప్పకపోవచ్చు. ఢిల్లీలోని ఎయిమ్స్ మానసిక వైద్యులు 1995లో ఐదుగురు యువతుల గురించి ఒక వ్యాసం ప్రచురించారు. వాళ్ళు తినడం మానేశారు, వాంతులు ఆగలేదు, బాగా బరువు తగ్గారు, నెలసరి ఆగిపోయింది. కానీ పాశ్చాత్య దేశాల రోగుల్లో కనిపించినట్టు తమ ఒంటి ఆకారం గురించిన భ్రమ వాళ్ళలో కనిపించలేదు.

మన పిల్లలు కూడా "ఆకలి లేదు", "తింటే కడుపు ఉబ్బుతోంది", "గ్యాస్", "వికారం" అనవచ్చు. అప్పుడు గ్యాస్ మాత్రలు, టానిక్కులు, దిష్టి తీయడం, స్కానింగ్‌లతో నెలలు గడిచిపోతాయి. ముందు ఒంటి జబ్బులు లేవని తేల్చుకోవడం సరైన పనే. థైరాయిడ్, టీబీ, పేగుల జబ్బులు, షుగర్ వల్ల కూడా బరువు తగ్గవచ్చు. పరీక్షలన్నీ మామూలుగా ఉండి బరువు మాత్రం తగ్గుతూనే ఉంటే, మనసు వైపు కూడా చూడమని డాక్టర్‌ను మీరే అడగండి.

గమనించాల్సిన గుర్తులు

వీటిలో ఏదో ఒకటి ఉన్నంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు. మూడు నాలుగు కలిసి కొన్ని వారాలుగా కనిపిస్తుంటే ఆలస్యం చేయకండి.

• ఇంటివాళ్ళతో కలిసి తినకుండా తప్పించుకోవడం. "స్కూల్లో తిన్నా", "ఫ్రెండ్ ఇంట్లో తిన్నా" అన్న మాట తరచుగా రావడం.
• టిఫిన్ బాక్స్ ఖాళీగా వస్తున్నా ఒళ్ళు తగ్గిపోవడం.
• ఇంట్లో ఎవరూ చేయని ఉపవాసాలు కొత్తగా మొదలై వారానికి ఒకటి, రెండు, మూడు అవడం.
• భోజనం కాగానే ప్రతిసారీ బాత్రూమ్‌కి వెళ్ళి చాలాసేపు ఉండటం. బుగ్గలు వాచినట్టు ఉండటం, పళ్ళ పైపొర అరగడం.
• వంటింట్లో వస్తువులు మాయం కావడం, మంచం కింద, బ్యాగులో ఖాళీ రేపర్లు దొరకడం.
• ఎండాకాలంలోనూ చలి అనడం, వదులు బట్టలు వేసుకోవడం, జుట్టు రాలడం, చేతుల మీద నూగు రావడం.
• నెలసరి ఆగిపోవడం లేదా రావలసిన వయసులో మొదలు కాకపోవడం.
• రోజుకు చాలాసార్లు బరువు చూసుకోవడం, అద్దం ముందు ఎక్కువసేపు ఉండటం లేదా అద్దమే చూడకపోవడం.
• చిరాకు, ఒంటరితనం, ఇష్టమైన స్నేహితులకు దూరం కావడం.

కళ్ళు తిరిగి పడిపోవడం, గుండె దడ, ఛాతీలో నొప్పి, వాంతిలో రక్తం, నీళ్ళు కూడా తాగకపోవడం, చచ్చిపోతానన్న మాట. ఇవి కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పదేపదే వాంతులు చేసుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. బరువు మామూలుగా ఉన్న పిల్లలకు కూడా ఈ ప్రమాదం ఉంది.

ఎలా మాట్లాడాలి?

భోజనాల దగ్గర, పదిమంది ముందు ఎత్తకండి. ఇద్దరే ఉన్నప్పుడు, మీరు చూసినదాన్ని మాత్రమే చెప్పండి. "ఏంటీ అవతారం, అస్థిపంజరంలా తయారయ్యావ్" అంటే తలుపు మూసుకుంటుంది. "తల్లీ, ఈ మధ్య నువ్వు మాతో కూర్చుని తినడం లేదు. రాత్రి రెండు దుప్పట్లు కప్పుకున్నా చలి అంటున్నావు. నాకు భయంగా ఉంది. నీ మీద కోపం లేదు. ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్దాం" అంటే వినే అవకాశం ఉంది.

మొదటిసారి "నాకేం లేదు" అనే అంటుంది. ఆ మాటతో ఆగిపోకండి. "నా మీద ఒట్టు, తిను" అని ఒట్లు పెట్టించడం, "నీ వల్ల నాకు బీపీ పెరిగింది" అనడం, తిండికి లంచంగా ఫోన్ ఇవ్వడం పనిచేయవు. దాచుకునే తెలివిని పెంచుతాయంతే. జబ్బు వేరు, పిల్ల వేరు అని మీరు మనసులో పెట్టుకుంటే కోపం కొంత తగ్గుతుంది.

వైద్యం ఉంది, అందులో మీరే ముఖ్యం

ముందు పిల్లల డాక్టర్ లేదా ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళండి. నాడి, బీపీ, రక్తపరీక్ష, అవసరమైతే ఈసీజీ చూస్తారు. తర్వాత మానసిక వైద్యులు, సైకాలజిస్టు, డైటీషియన్ కలిసి చూడాలి. చాలా నెలలుగా తినని పిల్లకు ఇంట్లో ఒక్కసారిగా ఎక్కువ తిండి పెట్టడం కూడా ప్రమాదమే. రక్తంలో లవణాలు తారుమారై గుండెకు ముప్పు వస్తుంది. ఎంతతో మొదలుపెట్టి ఎలా పెంచాలో డాక్టర్లే చెప్పాలి.

ఒకప్పుడు ఈ జబ్బుకు తల్లిదండ్రులనే తప్పుపట్టేవాళ్ళు. పిల్లలను ఇంటి నుంచి దూరంగా ఉంచి వైద్యం చేసేవాళ్ళు. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రి వైద్యులు ఆ పద్ధతిని తిప్పేశారు. జబ్బు కొత్తగా మొదలైన టీనేజ్ పిల్లలకు కుటుంబాన్ని కలుపుకొని చేసే చికిత్సే మేలని 1987లో వాళ్ళు ప్రచురించిన పరిశోధన చూపింది. తప్పు ఎవరిదన్న విచారణ ఈ చికిత్సలో ఉండదు. కొన్నాళ్ళు ఏం తినాలో, ఎంత తినాలో తల్లిదండ్రులే నిర్ణయిస్తారు. పక్కన కూర్చుని, ఓపికగా, ప్రతి పూటా తినిపిస్తారు. కోలుకునే కొద్దీ ఆ పని మళ్ళీ పిల్లల చేతికి ఇస్తారు. బులీమియా, బింజ్ ఈటింగ్‌లకు ఆలోచనల తీరును సరిచేసే కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుంది. నెలలు పట్టవచ్చు, మధ్యలో వెనకడుగులు ఉండవచ్చు. అయినా సమయానికి వైద్యం అందిన పిల్లల్లో చాలామంది కోలుకుంటారు.

"మానసిక డాక్టర్ దగ్గరికి వెళితే నలుగురికీ తెలుస్తుంది, రేపు పెళ్ళికి అడ్డం" అన్న భయం మీకు ఉండవచ్చు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి హక్కు. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ సేవ ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది.

మరి నిజంగా బరువు ఎక్కువ ఉన్న పిల్లలు?

చాలామంది తల్లిదండ్రుల ప్రశ్న ఇది. మన కుటుంబాల్లో షుగర్ జబ్బు ఎక్కువ కాబట్టి ఈ భయం సహజం. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016లో ఇచ్చిన సలహాలు ఊబకాయానికీ ఈటింగ్ డిజార్డర్‌కీ రెండిటికీ పనికొస్తాయి: పిల్లలతో డైటింగ్ చేయించవద్దు, పూటలు మాన్పించవద్దు, బరువు గురించి మాటలు, వేళాకోళం ఇంట్లో వద్దు, వీలైనన్నిసార్లు కలిసి భోంచేయాలి. మార్పు ఒక్క పిల్లకు కాకుండా ఇంటిల్లిపాదికీ చేయండి. కూల్‌డ్రింకులు ఎవరికీ వద్దు, కూర అందరికీ ఎక్కువ, సాయంత్రం అందరూ కాసేపు బయటికి. ఒకరికి పుల్కా పెట్టి మిగతావాళ్ళు ఆమె ముందు బిర్యానీ తింటే, ఆ పిల్ల నేర్చుకునేది ఆరోగ్యం గురించి కాదు, తాను తక్కువదాన్నని.

ఈ నెల నుంచి ఇంట్లో

ఒంటి మీద పెట్టిన ముద్దుపేర్లు ఆపేయండి. చుట్టాలు అంటే నవ్వి ఊరుకోకుండా "అత్తయ్యా, దాని ఒంటి సంగతి వదిలేయండి, మొన్న ఖోఖోలో బాగా ఆడింది" అని మాట మార్చండి. బరువు చూసే మిషన్ హాల్లోంచి తీసేయండి. రోజుకు ఒక పూటయినా ఫోన్లు, టీవీ, మార్కుల ప్రస్తావన లేకుండా అందరూ కలిసి తినండి. తిండిని బహుమతిగానో శిక్షగానో వాడకండి. మీ అమ్మాయి, మీ అబ్బాయి సన్నబడితే మెచ్చుకునే ముందు ఒక్క ప్రశ్న వేయండి: "ఈ మధ్య ఎలా ఉంటోంది నీకు? సరిగ్గా తింటున్నావా, నిద్ర పడుతోందా?" జవాబు పూర్తిగా వినండి. ఆ జవాబులో ఏదైనా తేడా అనిపిస్తే, వచ్చే పేరెంట్-టీచర్ మీటింగ్ దాకా ఆగకండి. రేపే క్యాంపస్‌కి ఫోన్ చేసి కౌన్సెలర్‌తో మాట్లాడండి.